స్పీడోమీటరు ముల్లు నిజం చెబుతోందా?

పాత అంబాసిడర్ కారు రోడ్డుమీద పరుగెడుతోంది. స్పీడోమీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గరే నిద్రపోతోంది! మరో కారులో అది 40కీ 60కీ మధ్య గంగిరెద్దు తలలా ఊగుతోంది. లోపం ఎక్కడుంది? మీటరు విప్పకుండానే చాలావరకు చెప్పవచ్చు. అయితే అది పనిచేసే తీరు ముందు మనకు తెలియాలి.

గేర్‌బాక్సు నుంచి చక్రాలకు శక్తినందించే ఇరుసుతో పాటు ఒక చిన్న గేరు కూడా తిరుగుతుంది. ఆ గేరుకు తగిలించిన ఉక్కుతీగల పేట ఒక గొట్టంలో తిరుగుతూ మీటరును చేరుతుంది. ఇదే స్పీడోమీటరు కేబుల్.

మీటరులో ఈ కేబుల్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, చిన్న గేర్ల ద్వారా అంకెల చక్రాలను తిప్పడం. కారు నడిచిన మొత్తం దూరాన్ని చూపే ఈ భాగమే ఓడోమీటరు. రెండవది, ఒక అయస్కాంతాన్ని తిప్పడం. దాని చుట్టూ అల్యూమినియం గిన్నె ఉంటుంది. ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. అయస్కాంతం గిన్నెను తాకదు. పైగా అల్యూమినియం అయస్కాంతానికి అంటుకునే లోహమూ కాదు. మరి ముల్లు ఎలా కదులుతుంది?

రాగి పళ్లేన్ని తిప్పితే, దానిపైన వేలాడే అయస్కాంత సూచి కూడా తిరుగుతుందని ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు అరాగో 1824లో గమనించాడు. 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనుగొన్నాక దీనికి కారణం తెలిసింది. అయస్కాంతం కదిలితే దగ్గరి లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రభావం వల్ల గిన్నె అయస్కాంతం వెంట తిరగబోతుంది. గడియారంలో ఉండేటటువంటి సన్నని చుట్ట స్ప్రింగు దాన్ని వెనక్కు లాగుతుంది. రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు నిలుస్తుంది. వేగం పెరిగినకొద్దీ ముల్లు ముందుకు జరుగుతుంది. ఈ సూత్రంతో స్పీడోమీటరుకు 1902లో జర్మనీలో ఒట్టో షుల్జే పేటెంటు పొందాడు.

ఇక రోగనిర్ణయం చేద్దాం. ముల్లు, ఓడోమీటరు రెండూ కదలకపోతే రెంటినీ నడిపే కేబులో, దాని గేరో చెడి ఉండాలి. మెకానిక్కు మీటరు వెనుక కేబుల్ ఊడదీసి, కారును న్యూట్రల్‌లో కొద్దిగా తోయిస్తాడు. కేబుల్ కొస తిరిగితే లోపం మీటరులో ఉన్నట్టు; తిరగకపోతే కేబుల్‌లోనో, గేరులోనో ఉన్నట్టు. ఓడోమీటరు తిరుగుతూ ముల్లు కదలకపోతే కేబుల్ క్షేమమే. గిన్నె, స్ప్రింగు, ముల్లు చూడాలి. ముల్లు పనిచేస్తూ అంకెలు కదలకపోతే ఓడోమీటరు గేర్ల పళ్లు విరిగి ఉండవచ్చు. ముల్లు ఊగుతుంటే సాధారణంగా కేబుల్ ఎండిపోయి గానీ, ఎక్కడో మడతపడి గానీ ఉంటుంది. అది ఒక క్షణం పట్టేసి, మరుక్షణం విడిచి తిరుగుతుంది.

ముల్లు నిలకడగా ఉన్నా తప్పు చూపవచ్చు. దీనికి పరీక్ష సులువు. రద్దీ లేని రోడ్డుపై డ్రైవరు ముల్లును 60 దగ్గరే నిలపాలి. పక్కన కూర్చున్నవారు కిలోమీటరు రాళ్లను, గడియారాన్ని చూడాలి. 5 కిలోమీటర్లకు 300 సెకన్లు పట్టాలి. పట్టిన కాలంతో 18,000ను భాగిస్తే గంటకు అసలు వేగం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఓడోమీటరు కూడా అదే నిష్పత్తిలో తప్పితే టైరు సైజునో, గేరునో అనుమానించాలి. చిన్న టైరు అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది కదా! ఓడోమీటరు సరిగా ఉండి ముల్లు తక్కువ చూపితే అయస్కాంతం బలం తగ్గి ఉండవచ్చు. ఎక్కువ చూపితే స్ప్రింగు సడలి ఉండవచ్చు.

చిన్న తప్పేగా అనుకోకండి. ముల్లు 50 చూపుతుండగా కారు నిజంగా 60తో పోతోందనుకోండి. వేగం 1.2 రెట్లయింది. కాని గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 1.44 రెట్లవుతుంది. బ్రేకు పట్టాక 25 మీటర్లలో ఆగుతుందనుకున్న కారు 36 మీటర్లు పోతే గాని ఆగదు. ఆ 11 మీటర్లలో రోడ్డు దాటే మనిషి ఉండవచ్చు!

మీకో లెక్క: ముల్లు 60 దగ్గర నిలిచి ఉంది. 5 కిలోమీటర్లకు 375 సెకన్లు పట్టింది. ఓడోమీటరు సరిగ్గా 5 చూపింది. అసలు వేగమెంత? లోపమెక్కడ?

(జవాబు: గంటకు 48 కిలోమీటర్లు, స్ప్రింగును అనుమానించాలి.)