కంట్రోల్ సి కథ

విండోస్ మీద ఏళ్ల తరబడి అర్జీలు, వాంగ్మూలాలు టైపు చేసిన వాళ్లకు ఉబుంటు కంప్యూటర్ ఇస్తే ముందుగా తడబడేవి వేళ్లే. కింది కోర్టులకు సుప్రీంకోర్టు ఈ-కమిటీ ఉబుంటు లినక్స్‌ను ఎంచుకున్నాక ఆ తడబాటు జగ్గయ్యపేట, నందిగామ లాంటి ఊళ్ల కోర్టుల దాకా వచ్చింది. లిబ్రే ఆఫీసులో కంట్రోల్ సి నొక్కితే మామూలుగానే కాపీ అవుతుంది. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో నొక్కితే మాత్రం నడుస్తున్న పని ఠక్కున ఆగిపోతుంది. అక్కడ కాపీ చేయాలంటే షిఫ్ట్ కూడా కలపాలి.

ఎందుకిలా? దీనికి జవాబు టెలిప్రింటర్ల కాలంలో ఉంది. 1963లో వచ్చిన ఆస్కీ సంకేతాల్లో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. పెద్దబడి సి అంకె 67. కంట్రోల్ కీ పట్టుకుని దాన్ని నొక్కితే అందులోంచి 64 పోయి 3 మిగులుతుంది. ఆస్కీలో 3 అంటే ‘పాఠం అయిపోయింది’ అని అవతలి యంత్రానికి చెప్పే సంకేతం. అలాగే జి అంకె 71, కంట్రోల్‌తో కలిస్తే 7. ఆ 7 అందగానే అవతలి టెలిప్రింటర్‌లో నిజంగానే గంట మోగేది! తర్వాతి కాలపు కంప్యూటర్లు కంట్రోల్ సిని ‘ఇక ఆపు’ అనే ఆజ్ఞగా వాడుకున్నాయి. ఉబుంటు టెర్మినల్ ఆ మాటను నేటికీ నిలబెడుతోంది.

కట్, కాపీ, పేస్ట్ పుట్టిల్లు వేరు. 1970లలో జిరాక్స్ పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ వాటికి రూపమిచ్చారు. టెస్లర్ ఆపిల్‌కు వెళ్లాక, 1983 నాటి లీసా కంప్యూటర్‌లో పక్కపక్కనే ఉన్న జెడ్, ఎక్స్, సి, వి కీలకు అన్‌డూతో పాటు ఈ పనులు అప్పగించారు. వాటికి తోడుగా ఆపిల్ తన సొంత కీ ఒకటి పెట్టుకుంది. మాక్‌లో అదే కమాండ్ కీ అయింది. అందుకే మాక్ టెర్మినల్‌లో కాపీకీ ఆపడానికీ తగాదా లేదు. విండోస్ ఆ నాలుగు అక్షరాలనే తీసుకుని కంట్రోల్‌కు తగిలించింది. చిక్కంతా అక్కడ మొదలైంది. నా మట్టుకు ఆపిల్ పద్ధతే మేలు.

తెలుగు టైపు విషయంలో మాత్రం మనకొక మంచి ఆసరా ఉంది. 1991లో భారతీయ ప్రమాణాల్లో చేరిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ ఉబుంటులోనూ ఒకే తీరుగా ఉంటుంది. వేదాద్రి అని రాయాలంటే బి, ఎస్, ఓ, ఇ, ఓ, డి, జె, ఎఫ్ కొడితే చాలు, షిఫ్ట్ జోలికి పోనక్కర్లేదు. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. డి నొక్కితే పొల్లు పడుతుంది, దాని తర్వాత కొట్టిన ర వత్తుగా మారుతుంది. డీటీపీ షాపులో పాత ఫాంట్ల కోసం వేరే లేఅవుట్ నేర్చుకున్నవాళ్లకు ఇది కొత్త చదువే, కొన్నాళ్లు చేయి నెమ్మదిస్తుంది. అయినా నేర్చుకోమనే అంటాను.

వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆ పాత ఫాంట్లలో చాలావాటికి ఇంగ్లిషు అక్షరాల అంకెల మీదే తెలుగు బొమ్మలు అతికించారు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులే కనిపిస్తాయి. ఏ షార్ట్‌కట్టూ దాన్ని బాగుచేయలేదు. కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చి, వత్తులు ఒక్కొక్కటీ సరిచూసుకోవాల్సిందే.