అరకులో ఉండేవారి అరకు

తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకులోయ చాలామంది తెలుగువారికి ఒక విహారస్థలంగానే తెలుసు. చలికాలపు సెలవుల్లో రెండు రోజులు గడిపి, బొర్రా గుహలూ చాపరాయి జలపాతమూ చూసి, బొంగు చికెన్ తిని, కాఫీ పొడి కొనుక్కుని దిగిపోయే చోటుగానే దాన్ని గుర్తుపెట్టుకుంటారు. అదే అరకు ఒక మండల కేంద్రం కూడా. చుట్టూ ఉన్న గూడేలకు సంత, ఆసుపత్రి, కళాశాల, బస్సు దొరికే కూడలి అన్నీ అక్కడే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు చెందిన ఈ ప్రాంతంలో కొండదొర, భగత, వాల్మీకి, కోటియా, పోర్జా, గదబ, కోదు, నూకదొర మొదలైన తెగలవారు తరతరాలుగా జీవిస్తున్నారు. వారిలో అనేకులు ఇంట్లో తమ తెగ భాషో ఆదివాసీ ఒడియానో మాట్లాడి, బజారులో తెలుగు మాట్లాడతారు. పైనుంచి చూసేవారికి ఆహ్లాదంగా కనిపించే ఆ లోయలో ఏడాది పొడవునా బతకడం ఎలా ఉంటుందో, విహారానికి వచ్చేవారి డబ్బు అక్కడివారికి ఎంతవరకు అందుతుందో తెలుసుకోవాలంటే ముందుగా ఆ ఊరి దారులను, పంటలను, ఆ తరువాత అక్కడి భూమి చట్టాన్ని పరిశీలించాలి.

అరకుకు రైలు వచ్చింది యాత్రికుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని, అంటే స్థానికులు కేకే లైను అని పిలిచే మార్గాన్ని, కొండలను తొలిచి యాభైకి పైగా సొరంగాలతో నిర్మించారు. దానిపై 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అత్యంత ఎత్తైన స్టేషన్లలో ఒకటిగా చాలాకాలం పేరు పొందింది. ఇప్పటికీ ఆ పట్టాల మీద ప్రధానంగా నడిచేవి ఖనిజపు గూడ్సు బళ్లే. ప్రయాణికుల బళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. 2017లో విశాఖ నుంచి వచ్చే రైలుకు విశాలమైన అద్దాల కిటికీలూ అద్దాల పైకప్పూ ఉన్న విస్టాడోమ్ పెట్టె చేర్చాక, ప్రయాణమే ఒక వినోదమైంది. అదే రైల్లోని సాధారణ పెట్టెల్లో అల్లం, పసుపు, పనసకాయల మూటలతో సంతకు పోయేవారికి, పట్నం ఆసుపత్రికి బయలుదేరినవారికి మాత్రం అది విహారం కాదు, నిత్యావసరం.

లోయలోని సంవత్సరం వానలతో మొదలవుతుంది. నీరు నిలిచే పల్లపు మడుల్లో వరి, ఏటవాలు మెట్టల్లో చోళ్లు అని స్థానికంగా పిలిచే రాగులు, సామలు, కందులు వేస్తారు. వానలు వెనుకబట్టే వేళకు చల్లిన వలిసెలు నవంబరు, డిసెంబరు నెలల్లో లోయంతా పసుపు పూలు పూస్తాయి. చూడవచ్చినవారు ఫొటోలు తీసుకునే ఆ పూల చేను నిజానికి నూనెగింజల పంట. గింజలు గానుగాడితే వచ్చే నూనె ఇంటి వంటకు పనికొస్తుంది, మిగిలిన గింజలను అమ్ముకుంటే ఆ ఏటి చిల్లర ఖర్చు గడుస్తుంది. చేనులోకి దిగి తొక్కితే పోయేది ఆ గింజే. కాబట్టి కొందరు రైతులు చేను గట్టున దడి కట్టి, లోపలికి వచ్చేవారి వద్ద స్వల్ప రుసుము తీసుకోవడం న్యాయమైన పని.

ఏడాది మొత్తంలో ఎక్కువ శ్రమ కోరేది కాఫీ. అటవీశాఖ తోటలతో మొదలై, పాడేరు ఐటీడీఏ, అంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డుల ప్రోత్సాహంతో ఆదివాసీ రైతుల పొలాల్లోకి విస్తరించిన ఈ పంటకు, పోడు కోసం అడవి నరకడం తగ్గాలన్న ఆశయం కూడా ఒక కారణం. ఇక్కడ పండేది అరబికా రకం. అది నీడ కోరుతుంది గనుక సిల్వర్ ఓక్ చెట్ల కింద నాటి, ఆ చెట్లకే మిరియాల తీగను ఎక్కిస్తారు. వేసవి జల్లులు పడ్డాక తెల్లని పూలు పూసి, కాయలు నవంబరు నుంచి ఎర్రబారుతాయి. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉండటం కాఫీ స్వభావం. కాబట్టి మొక్కను ఒకేసారి దులపకుండా, ఎర్రనివాటినే వేళ్లతో ఒక్కొక్కటిగా గిల్లి, కొన్ని రోజుల తరువాత మళ్లీ అదే మొక్క దగ్గరికి రావాలి. కోసిన పండును ఆ రోజే పల్పింగ్ యంత్రంలో వేసి తోలు తీయాలి, పులియబెట్టి జిగురు కడగాలి, తరువాత ఎత్తైన అరల మీద పరచి రోజుకు అనేకసార్లు కలియబెడుతూ ఎండనివ్వాలి. ఇలా పైపొర ఉండగానే ఎండిన గింజను పార్చ్‌మెంట్ అంటారు. ఈ యంత్రం, ఈ నీళ్లు, ఈ చోటు లేనివారు పండును పండుగానే అమ్ముకుంటారు, తక్కువ ధర పొందుతారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక సూచిక లభించింది. ఒక వస్తువు నాణ్యత అది పుట్టిన ప్రాంతం వల్లనే వచ్చిందని చట్టం ఒప్పుకునే గుర్తింపు అది. సహకార సంఘాలుగా ఏర్పడిన రైతులు పండుకు మంచి వెల రాబట్టగలిగారు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ అటవీ ఉత్పత్తులతో పాటు కాఫీనీ కొంటుంది.

పండు ఎర్రబారే నెలలూ, విశాఖ నుంచి వాహనాలు బారులు తీరే నెలలూ ఒకటే కావడం అరకు జీవితంలోని ప్రధానమైన చిక్కు. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా వసతి గృహాలకు గదులు ఊడ్చేవారు, వంటవారు, వడ్డించేవారు, జీపు నడిపేవారు కావాలి. తోటకు పండు కోసేవారు కావాలి. ఒకే ఇంటి యువతీయువకులే రెంటికీ దిక్కు. సాయంత్రానికి చేతికి వచ్చే కూలి వసతి గృహంవైపు లాగుతుంది. కోత వారం ఆలస్యమైతే పండు రాలి చెడుతుంది. వేసవి మొదలయ్యేసరికి గదులు ఖాళీ అయి ఆ కూలి ఆగిపోతుంది. తోట ఉన్న ఇల్లు ఈ నెలల్లో సొంత పొలం వదులుకుని పరాయి గదులు శుభ్రం చేయడాన్ని అభివృద్ధి అని పిలవడం తొందరపాటే అవుతుంది. మరోవైపు, తోట లేని ఇంటికి, చదువుకుని ఊళ్లోనే ఉండదలచిన పిల్లలకు ఆ నెలల సంపాదన ఎంతో విలువైనదన్న సంగతినీ విస్మరించరాదు.

వాహనాల రద్దీకి మరొక ముఖం ఉంది. విశాఖ దారిలోని అనంతగిరి ఘాట్ మీద సెలవురోజున బండ్లు నిలిచిపోతే, విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి రోగిని తీసుకుపోతున్న 108 వాహనం కూడా ఆ వరుసలోనే నిలుస్తుంది. రహదారికి ఆమడ దూరాన ఉన్న గూడేలవారికి ఆ వాహనం దాకా చేరడమే పెద్ద గండం. అక్కడ ఇప్పటికీ డోలీ అవసరమవుతోంది: బలమైన కర్రకు దుప్పటి రెండు కొసలూ కట్టి, అందులో గర్భిణినో జ్వరపీడితుణ్ణో పడుకోబెట్టి, ఇద్దరు ముందు వెనుక భుజాన మోస్తూ, అలసినప్పుడు తోడు వచ్చినవారు భుజం మార్చుకుంటూ గెడ్డలు, అంటే కొండవాగులు, దాటి తీసుకువస్తారు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఆ నడకా ఆగిపోతుంది, మలేరియా పెరిగేదీ అప్పుడే. ప్రసవం దగ్గరపడినవారిని ముందుగానే ఆసుపత్రి సమీపాన ఉంచుకునే వసతి గృహాలు, పాడేరులో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆశాజనకమైన మార్పులు. చూడవలసిన ప్రదేశానికి రోడ్డు వేసినంత వేగంగా గూడేనికి రోడ్డు పడితే వాటి ప్రయోజనం సంపూర్ణమవుతుంది.

శుక్రవారం జరిగే అరకు సంత ఇంకా ఊరివారిదిగానే ఉంది. కొండచీపుర్లు, చింతపండు, అల్లం, పిప్పళ్లు, నాటుకోళ్లు తెచ్చినవారు ఉప్పు, ఎండుచేప, బట్టలు కొనుక్కుపోతారు. బంధువుల కబుర్లు, పెళ్లి మాటలూ అక్కడే సాగుతాయి. థింసా నృత్యం సంగతి కొంచెం మారింది. స్త్రీలు ఒకరి వీపు వెనుక నుంచి మరొకరు చేతులు పెనవేసుకుని, తుడుం, డప్పు, మోరి వాద్యాలకు అడుగులు కలుపుతూ గొలుసుగా కదిలే ఈ ఆట చైత్రమాసపు ఇటికల పండగకూ పెళ్లిళ్లకూ చెందినది. ఇప్పుడు వసతి గృహాల చలిమంటల దగ్గర రాత్రి ప్రదర్శనగా కూడా సాగుతోంది. కళాకారులకు కూలి రావడం మంచిదే. ఎప్పుడు ఆడాలో, ఎంత తీసుకోవాలో నిర్ణయించేది ఆడేవారే అయినప్పుడు ఆ మంచి నిలుస్తుంది.

ఇటువంటి నిర్ణయాలన్నిటికీ ఆధారం భూమి. ప్రపంచంలో అనేక కొండ ఊళ్లలో విహారం పెరిగేకొద్దీ నేల ధర పెరిగి, బయటివారు ఇళ్లు కొని, పుట్టినవారే అద్దె భరించలేక దూరమవుతారు. అరకులో ఆ పరిణామం పూర్తిగా జరగకపోవడానికి ప్రధాన కారణం 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ. వాడుకలో దీన్ని 1/70 చట్టం అంటారు. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రకటించిన ప్రాంతాల్లో భూమి షెడ్యూల్డు తెగల వ్యక్తులకూ, పూర్తిగా వారితోనే ఏర్పడిన సహకార సంఘాలకూ తప్ప ఇతరులకు బదిలీ కాదు. గిరిజనేతరుడి నుంచి మరో గిరిజనేతరుడికీ చెల్లదు. తెలంగాణలోని ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఇదే సూత్రం అమలులో ఉంది. ఈ చట్టానికి గొప్ప బలం చేకూరింది కూడా అరకు పొరుగునుంచే. అనంతగిరి మండలం బొర్రా పరిసరాల్లో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే సంస్థ వేసిన దావాలో, 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలోని తన భూమిని గిరిజనేతరులకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది.

చట్టాన్ని తప్పించుకునే దారులు లేకపోలేదు. ఆదివాసీ పేరు మీద భూమి ఉంచి, పెట్టుబడీ లాభమూ బయటివారి చేతిలో ఉండే బినామీ ఏర్పాటు వాటిలో పెద్దది; పేరు ఇచ్చిన ఇంటికి దక్కేది ఏటా కొద్ది మొత్తమే. అయినా భూమి కాగితం ఆదివాసీ పేరుననే ఉండటం వల్ల తగవు పెట్టే హక్కు మిగిలి ఉంటుంది. పర్యాటక పెట్టుబడులకు వీలుగా ఈ చట్టాన్ని సడలించాలన్న మాట బహిరంగంగా వినిపించినప్పుడు 2025 ఫిబ్రవరిలో మన్యమంతా బంద్ పాటించింది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది.

పెట్టుబడి కావాలంటే భూమి వదలాలన్న వాదనకు సమాధానం చట్టంలోనే ఉంది. ఆదివాసీల సహకార సంఘం భూమిని పొందవచ్చు, వసతి కట్టవచ్చు, బ్యాంకు నుంచి రుణం అడగవచ్చు. 1996 నాటి పెసా చట్టం, అంటే పంచాయతీ వ్యవస్థను షెడ్యూల్డు ప్రాంతాలకు విస్తరించిన చట్టం, గ్రామ సంతల నిర్వహణ, చిన్న జలవనరులు, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల విషయంలో గ్రామసభకూ పంచాయతీకీ అధికారం ఇచ్చింది. మాడగడ కొండ మీద తెల్లవారుజామున మేఘాలు చూడవచ్చేవారి బండ్లు ఎక్కడ నిలపాలి, ఒక్కొక్క బండికి ఎంత తీసుకోవాలి, చెత్త ఎవరు దించాలి, ఆ వసూలులో బడికి ఎంత, దారికి ఎంత అన్నవి పట్నంలోని కార్యాలయాల్లో కాకుండా గూడెం సభలో తేలవలసిన సంగతులు. రుణానికి హామీ, లెక్కలు రాయడానికి చదువుకున్న ఒకరిద్దరు, తీర్మానాన్ని అమలుచేసే అధికారి ఉంటే అందుకు కొత్త చట్టం అక్కరలేదు.