ఆరు చక్రాల టైరెల్

1975 సెప్టెంబరు. లండన్ హీత్రో విమానాశ్రయం దగ్గర ఓ హోటల్‌కు విలేకరులను పిలిచి కెన్ టైరెల్ తన జట్టు కొత్త ఫార్ములా వన్ రేసుకారు చూపించాడు. కారు మీద కప్పిన గుడ్డ కింద కమ్మీలు వంచి పెట్టారు, ముందువైపు మామూలు చక్రాలే ఉన్నాయనుకునేలా. గుడ్డ లాగేస్తే ముందు నాలుగు బుల్లి చక్రాలు, వెనక రెండు పెద్దవి! ప్రచారం కోసం ఆడిన తమాషా అనుకున్నవాళ్లున్నారు. కానీ టైరెల్ తమాషాలకు డబ్బు తగలేసే మనిషి కాదు. కలప వ్యాపారి. సర్రేలోని ఒకమ్‌లో ఆయన కలప అడితి ఉండేది. అందులోని షెడ్డే ఆయన టీమ్ కార్ఖానా.

కారు పేరు పీ34. గీసినవాడు డెరెక్ గార్డ్‌నర్. జాకీ స్టీవర్ట్‌ను 1971లో, 1973లో ప్రపంచ చాంపియన్‌ను చేసిన కార్లూ ఆయనవే. ఇప్పుడు స్టీవర్ట్ రిటైరయ్యాడు. పోటీలో సగానికి పైగా జట్ల దగ్గర ఒకే ఇంజిను, 3 లీటర్ల ఫోర్డ్ కాస్‌వర్త్ డీఎఫ్‌వీ. గేరుబాక్సూ దాదాపు ఒకటే, టైర్లూ గుడ్‌ఇయర్‌వే. అందరి చేతిలో అవే ముక్కలున్నప్పుడు ఆట ఎలా గెలవాలి?

గార్డ్‌నర్ చూపు ముందు టైర్ల మీద పడింది. నిబంధనల ప్రకారం కారు ముందు రెక్క వెడల్పు ఒకటిన్నర మీటర్లు దాటకూడదు. దాని వెనక నుంచి పెద్ద టైర్లు పైకి పొడుచుకొచ్చి గాలికి అడ్డం పడేవి, కారు మూతిని పైకి లేపేవి. చక్రాన్ని 13 అంగుళాల నుంచి 10 అంగుళాలకు కుదిస్తే మూతి చాటున ఇమిడిపోతుంది. 10 అంగుళాలంటే మన పాత చేతక్ స్కూటరు చక్రమంత. అంత చిన్న టైరుకు నేల మీద పట్టు తక్కువ కాబట్టి పక్కకు రెండేసి పెట్టాడు. నాలుగూ స్టీరింగ్‌తోనే తిరుగుతాయి, నాలుగింటికీ బ్రేకులుంటాయి.

గాలి లెక్కలో ఆశించినంత లాభం రాలేదు. వెనక టైర్లు ఎప్పటిలా దిట్టంగానే ఉన్నాయి కదా, అడ్డుకోవాల్సిన గాలిని అవి అడ్డుకుంటూనే ఉన్నాయి. కలిసొచ్చింది మలుపుల్లో. నాలుగు టైర్లు కరిచి పట్టుకోవడంతో కారు చెప్పినట్టు వినేది, బ్రేకు ఆలస్యంగా వేసినా సరిపోయేది. అయితే గతుకుల రోడ్డు మీద ఒక చక్రం నేల విడిస్తే ఆ లాభం కాస్తా తారుమారయ్యేది. ఇంకో చిక్కు, సీట్లో కూర్చున్నవాడికి తన ముందు చక్రాలే కనిపించవు. అందుకని కాక్‌పిట్ గోడకు రెండు పక్కలా చిన్న పారదర్శక కిటికీలు కోశారు. చక్రం ఎటు తిరిగిందో, టైరు ఎంత అరిగిందో డ్రైవరు అందులోంచి చూసుకోవాలి. ఆనాటి ఫొటోల్లో ఆ కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకున్న చేతులు కనిపిస్తాయి. నా మటుకు నాకు ఈ కారులో అన్నిటికంటే ముచ్చటైన భాగం అదే.

1976 మేలో స్పెయిన్‌లోని హరామాలో తొలి పరుగు. టైరెల్ డ్రైవరు పాత్రిక్ దెపాయే మూడో స్థానం నుంచి బయల్దేరాడు కానీ బ్రేకులు మొరాయించి రేసు మధ్యలోనే దిగిపోయాడు. ఆ నెలాఖరున మొనాకోలో నీకీ లౌడా ఫెరారీ వెనకే రెండు టైరెల్‌లూ రెండు, మూడు స్థానాల్లో వచ్చాయి. జూన్ 13న స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్. టైరెల్ మరో డ్రైవరు జోడీ షెక్టర్‌దే పోల్, అంటే అందరికంటే ముందు చోటు. మొదట మారియో ఆండ్రెట్టి లోటస్ ముందుకు దూకింది గానీ, తొందరపడి కదిలినందుకు ఒక నిమిషం జరిమానా పడింది, ఆ తర్వాత ఇంజినూ చచ్చింది. షెక్టర్ మొదట, దెపాయే తర్వాత. ఆరు చక్రాల కారు గ్రాండ్ ప్రి గెలవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ ఏడాది పీ34కు ఎనిమిది రెండో స్థానాలు దక్కాయి. సీజన్ మొదట్లో పాత 007 కారుతో వచ్చినవి కూడా కలుపుకుని జట్టుకు 71 పాయింట్లు, ఫెరారీ, మెక్‌లారెన్‌ల తర్వాత మూడో స్థానం. దెపాయేకి ఈ కారంటే ప్రాణం. షెక్టర్‌కు మాత్రం గిట్టేది కాదు, ఆ మాట దాచుకోనూలేదు. సీజన్ ముగియగానే వోల్ఫ్ జట్టుకు వెళ్లిపోయాడు.

అతని బదులు రోనీ పీటర్సన్ వచ్చాడు. అంతటి వేగం ఉన్నవాడు కూడా 1977లో ఈ కారుతో తంటాలు పడ్డాడు. దీనికి మూలం గార్డ్‌నర్ గీతలో కాక టైర్లలో ఉంది. గుడ్‌ఇయర్ ప్రతి రేసుకూ కొత్త రబ్బరు తెచ్చేది. అదంతా అందరూ వాడే కొలతలకు. 10 అంగుళాల టైరు కావాల్సింది ఒక్క టైరెల్‌కే. ఒక్క గిరాకీ కోసం ఎవరు అంత శ్రమపడతారు? వెనక టైర్ల పట్టు రోజురోజుకూ పెరిగింది, ముందు టైర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. స్టీరింగ్ తిప్పినా మూతి తిరగనని మొండికేసింది. చికిత్సగా ముందు చక్రాలను పక్కలకు జరిపారు. జరిపేసరికి అవి మూతి చాటు వదిలి గాలిలోకి వచ్చేశాయి. ఏ లాభం కోసం చక్రాలు చిన్నవి చేశారో, దాన్ని తమ చేతులతోనే పోగొట్టుకున్నారు. కారు బరువూ పెరిగింది. ఆ ఏడాది 27 పాయింట్లే, గెలుపు ఒక్కటీ లేదు.

గార్డ్‌నర్ జట్టు వదిలాడు. 1978లో మోరిస్ ఫిలిప్ గీసిన 008 మామూలు నాలుగు చక్రాలతోనే వచ్చి మొనాకోలో దెపాయేని గెలిపించింది. మార్చ్, ఫెరారీ, విలియమ్స్ కూడా ఆరు చక్రాలను పరీక్షించి చూశాయి, ఏదీ రేసు దాకా రాలేదు. 1983 నుంచి నాలుగే ఉండాలని రూలు పెట్టేశారు.

అక్కడితో అయిపోయిందనుకుంటే, చాలా ఏళ్ల తర్వాత పాత గ్రాండ్ ప్రి కార్ల పోటీల కోసం ఒక పీ34ను బాగుచేశారు. ఈసారి ఏవన్ కంపెనీ ఆ బుల్లి చక్రాలకు కొత్తగా టైర్లు పోసి ఇచ్చింది. 2000లో మార్టిన్ స్ట్రెటన్ ఆ కారుతోనే థరోబ్రెడ్ గ్రాండ్ ప్రి చాంపియన్‌షిప్ కొట్టాడు.