ఇంట్లో సర్వీసు చేశాక ఇంజిన్ వణుకుతోందా? చివరిగా విప్పింది ముందు చూడండి

ఆదివారం మధ్యాహ్నం హోసూరులో మా ఇంటి ముందు కారు బానెట్ తెరిచి ఉంది. ఆయిల్ మార్చాం, ఎయిర్ ఫిల్టర్ మార్చాం, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్చాం. షెడ్డుకు ఇచ్చే కూలి మిగిలిందని సంబరపడుతూ స్టార్ట్ చేస్తే బండంతా వణికింది. మంగళవారం పొద్దున్నే అవ్వను కంటి ఆపరేషన్‌కు బెంగళూరు తీసుకుపోవాలి. బాగున్న బండిని మనమే చెడగొట్టుకున్నామా అని ఎవరూ పైకి అనలేదు గానీ అందరి ముఖాల్లోనూ అదే.

ముందు పెట్రోలు మీద అనుమానం వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక ఏ బండికి ఏ జబ్బు చేసినా దాన్నే తిట్టడం అందరికీ అలవాటైంది. కానీ ఆ పొద్దున సంతకు పోయి వచ్చింది కూడా అదే పెట్రోలుతో కదా! తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే ఆయన తమిళంలో ఒక్కటే అడిగాడు: "చివరిగా ఏమేం విప్పారు?"

అక్కడి నుంచే మొదలుపెట్టాం. సర్వీసుకు ముందు బాగా నడిచి, తర్వాత వెంటనే మిస్సింగ్ కొడుతోందంటే, కొత్తగా ఏదో చెడిపోయిందనడం కన్నా మనం తాకినదేదో సరిగా కూర్చోలేదనడమే ఎక్కువ సబబు. పెట్రోలు ఇంజిన్‌కు సరైన పాళ్ళలో గాలి, పెట్రోలు, సరైన సమయానికి నిప్పురవ్వ కావాలి. లోపలికి పోయే గాలిని సెన్సర్లు కనిపెట్టి చెబితే, బండిలోని కంప్యూటర్ దానికి తగినంత పెట్రోలు వదులుతుంది. లెక్కలోకి రాని గాలి ఏ సందులోంచైనా దూరితే ఆ పాళ్ళు చెడతాయి.

అందుకే ముందు కంటితో చూడాలి, పనిముట్లు తర్వాత. ఆయిల్ పోసే మూత పూర్తిగా తిరిగిందా? డిప్‌స్టిక్ అడుగుదాకా దిగిందా? ఇవి ఆయిల్‌కు సంబంధించినవి కదా, వణుకుతో ఏం పని అనిపిస్తుంది. కానీ ఇంజిన్ లోపలి ఆవిరిని ఒక గొట్టం తిరిగి గాలి దారిలోకే పంపుతుంది. మూత వదులుగా ఉంటే అక్కడి నుంచీ బయటి గాలి లోపలికి పోతుంది. చాలా బళ్ళలో ఈ ఒక్క కారణంతోనే ఐడిలింగ్ చెడుతుంది. ఆయిల్ మట్టం కూడా చూడాలి. గరిష్ఠ గీత దాటి పోస్తే ఆయిల్ నురగ కట్టవచ్చు, గాలి దారిలోకి ఎక్కి పొగ రావచ్చు. అలా ఉంటే బండి నడపకుండా ఎక్కువైనది తీసేయాలి.

ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా. మాది అక్కడ దొరికింది. డబ్బా ఎత్తినప్పుడు దాని వెనక ఉన్న చిటికెన వేలంత సన్నని రబ్బరు గొట్టం ఊడిపోయింది, తిరిగి పెట్టడం మరిచాం. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా బుస్సుమనే శబ్దం. దాన్ని తొడిగితే ఇంజిన్ వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగడం ఆగింది. ఇలాంటి లీకు వెతకడానికి కొందరు వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొడతారు. నిప్పంటుకునే పని అది, ఇంట్లో వద్దు. మూసిన గరాజులో ఇంజిన్ నడపడమూ వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. పైగా రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది. లుంగీ కొంగు, చున్నీ దూరంగా ఉండాలి.

ఊగడం ఆగింది గానీ వణుకు పోలేదు. ఇప్పుడది ఒకే తాళంలో డగ్ డగ్ మని కొడుతోంది. గాలి తప్పితే వేగం ఊగుతుంది. ఒక సిలిండర్ మండకపోతే ఇలా ఒకే తీరుగా కొడుతుంది. తేడా ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండదు, మాకు మాత్రం స్పష్టంగానే తెలిసింది.

మా 2011 బండికి ప్లగ్గుకొక కాయిల్. ఇంజిన్ ఆపి, ఒక కాయిల్ కప్లర్ తీసి, కొన్ని సెకన్లు నడిపి చూశాం. మళ్ళీ ఆపి దాన్ని పెట్టి, తర్వాతిది తీశాం. మంచి సిలిండర్‌ది తీస్తే వణుకు ఇంకా పెరుగుతుంది. రెండోది తీస్తే ఏ తేడా లేదు, అంటే అది ముందే పని చేయడం లేదు. ఈ పరీక్ష ఎక్కువసేపు చేయకూడదు. మండని పెట్రోలు పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌కు పోయి దాన్ని కాల్చేస్తుంది. చెక్ ఇంజిన్ దీపం మిణుకుమిణుకుమంటే చెప్పేదీ అదే: వెంటనే ఆపమని. కొత్త బళ్ళలో స్కానర్ పెడితే ఈ శ్రమ తప్పుతుంది. పీ 0302 అని చూపితే రెండో సిలిండర్ తప్పుతోందని అర్థం.

ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చాం. జబ్బు రెండోదానిలోనే ఉంది, కాబట్టి తప్పు కాయిల్‌ది కాదు. ప్లగ్గు విప్పి వెలుతురులో తిప్పి చూస్తే తెల్లని పింగాణీ మీద వెంట్రుకంత నల్లగీత. పగులు గుండా కరెంటు పక్కకు పోతోంది, మొనకు చేరడం లేదు.

అప్పుడు మావాడు తల దించుకున్నాడు.

"నాయనా, బిగించే ముందు అది చెయ్యి జారి సిమెంటు మీద పడింది. ఏం కాలేదులే అనుకున్నా."

తిట్టాలనిపించింది. కానీ ముందే చెప్పి ఉంటే రెండు గంటలు మిగిలేవన్న సంగతి వాడికి మాకన్నా బాగా తెలుసని వాడి ముఖమే చెబుతోంది. కింద పడిన ప్లగ్గు బయటికి బాగానే కనిపించినా లోపల పగలవచ్చు, మొన దగ్గరి సందు మూసుకుపోవచ్చు. ఆ సందు ఎక్కువ బళ్ళలో 0.7 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్న అంకె చూసి ఫీలర్ గేజ్‌తో కొలుచుకోవాలి. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం హెడ్డులో మర వంకరగా ఎక్కితే ఖర్చు మన చేతుల్లో ఉండదు. వాషరున్న కొత్త ప్లగ్గుకు చేత్తో బిగిశాక స్పానర్‌తో సుమారు సగం చుట్టు చాలు.

ఆదివారం సాయంత్రం దుకాణాలు మూసేశారు. పాత ప్లగ్గులు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి, పారేయలేదు. అందులోంచి రెండో సిలిండర్‌ది తుడిచి పెట్టాం. ఇంజిన్ మెత్తగా తిరిగింది. సోమవారం కొత్తది కొని మార్చి, రింగు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూశాం.

మంగళవారం తెల్లవారుజామున అత్తిబెలె దాటుతుంటే వెనక సీట్లో అవ్వ అడిగింది, "ఏమిరా, నిన్నమొన్నటి చప్పుడు రాలేదే?" మావాడు అద్దంలోంచి మా వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.