బంగారు గనుల పట్టణము

మన సౌకారుపేటలో నగల అంగళ్ళను చూడని విద్యార్థి యుండడు. ఒకనాడు బంగారమును భూగర్భమునుండి వెలికిదీసిన పట్టణ మొకటి మనకు పడమటగా, కర్ణాటక రాష్ట్రమున, ఆంధ్ర తమిళ సరిహద్దులకు చేరువగా నున్నది. అదియే కోలారు బంగారు గనుల పట్టణము.

1880లో జాన్ టేలర్ అను ఆంగ్ల సంస్థ అచట త్రవ్వకమునకు పూనుకొనెను. ఇంగ్లండునందలి కార్న్‌వాల్ సీమనుండి అనుభవజ్ఞులైన గనిపనివారు వచ్చిరి. చిత్తూరు ప్రాంతమునుండి తెలుగువారును, ఉత్తర ఆర్కాటునుండి తమిళులును కూలికై చేరిరి. ఆంగ్లో ఇండియనులును స్థిరపడిరి. దొరలకు బంగళాలు, కూలీలకు ఇరుకు గుడిసెల వరుసలు; ఈ అంతరమును మరువరాదు.

గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగెను. అంతటి చీకటిలో రాయి విరుగునపుడు తోడివాని హెచ్చరిక అర్థము కాకున్న ప్రాణమునకే ముప్పు. కావున పొరుగువారి మాట నేర్చుట అచట వినోదము గాదు, అవసరము. అయినను ఇండ్లలో ఎవరి భాష వారికి నిలిచియే యుండెను.

2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను. నేడు ఎందరో పనికై నిత్యము రైలులో బెంగుళూరు పోయి వచ్చుచున్నారు. గనులు పోయినను, తెలుగు, తమిళము, కన్నడము ఆ వీధులలో ఇప్పటికిని వినబడుచున్నవి.

మన పేటయు వలసవచ్చినవారిదే. షావుకార్లవలననే దీనికి ఆ పేరు కలిగినది. గుజరాతీ, మార్వాడీ, తమిళము, తెలుగు ఇచట నిత్యము కలియుచున్నవి. బాలలారా! పొరుగువారి తమిళమును చక్కగా నేర్చుకొనుడు. తలిదండ్రులారా! రాత్రి భోజనానంతరము బిడ్డచేత ఒక్క పుట తెలుగు బిగ్గరగా చదివింపుడు. వీధి భాషను వీధియే నేర్పును. ఇంటి భాషను ఇల్లు నేర్పకున్న మరెవ్వరు నేర్పుదురు?