లీజు మీద పేరుందా?

మే నెల దాటితే చాలు, డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకి ఇండియా నుంచి ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయికి వీసా వచ్చిందమ్మా, ఆగస్టులో క్లాసులు. ఏదైనా రూము చూసిపెడతావా?" చుట్టమో, చుట్టానికి చుట్టమో. ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల కన్నా ఇంటి దగ్గరుండే మనకే ఈ ఫోన్లు ఎక్కువ. రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్, డెంటన్‌లో యూఎన్‌టీ, ఆర్లింగ్టన్‌లో యూటీఏ... ఈ మూడు చోట్లా మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొందరికి ఇళ్లు వెతికిపెట్టాక నాకు అర్థమైంది ఒకటే. అద్దె ఎంత, కాలేజీ ఎంత దూరం అన్నవి తర్వాతి ప్రశ్నలు. ముందు అడగాల్సింది, లీజు మీద ఆ పిల్ల పేరు ఉంటుందా అని.

హాల్లో స్పాట్

పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో మాట ఇలా ఉంటుంది: "2 బెడ్ 2 బాత్‌లో స్పాట్ ఉంది, అమ్మాయిలు మాత్రమే, వెజ్." ప్రైవేట్ రూముకి ఒక రేటు, షేరింగ్ రూముకి ఒక రేటు, హాల్లో పరుపు వేసుకుంటే అన్నిటికన్నా తక్కువ. చాలాసార్లు ఆ హాల్లో ఉండే పిల్ల పేరు లీజులో ఉండదు.

దీనికీ కారణం ఉంది. చాలా అపార్ట్‌మెంట్ ఆఫీసులు అద్దెకి మూడింతల ఆదాయం చూపించమంటాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ స్కోరు అడుగుతాయి. నిన్న విమానం దిగిన పిల్ల దగ్గర ఇవేవీ ఉండవు. అందుకని ముందే ఉన్న సీనియర్ల పేరు మీద చేరిపోవడం సులువు. అయితే యూనివర్సిటీల దగ్గరి కాంప్లెక్సుల్లో కొన్ని ఐ-20, పాస్‌పోర్టు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి, కాస్త ఎక్కువ డిపాజిట్ తీసుకుని లీజు ఇస్తాయి. ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే తెలిసిపోతుంది. అడగకుండా ఇవ్వరనుకోవద్దు.

మా ఆడపడుచు కూతురు వచ్చిన ఏడాది ఇలాగే ఒక హాల్లో చేరింది. నెలకి 300 డాలర్లు, డిపాజిట్ మరో 300, రెండూ లీజు ఉన్న అమ్మాయికే జెల్‌లో పంపింది. డిసెంబరులో, సరిగ్గా ఫైనల్స్ వారంలో, "మా కజిన్ వస్తోంది, నెలాఖరుకి ఖాళీ చెయ్యి" అన్నారు. ఆఫీసుకి వెళ్తే కంప్యూటర్ చూసి, ఆ యూనిట్‌లో మీ పేరే లేదన్నారు. డిపాజిట్ తిరిగి రాలేదు. చట్టప్రకారం కోర్టుకెళ్లే దారి ఉంది. కానీ రసీదు లేదు, రాతపూర్వకంగా ఏమీ లేదు, ఎదురుగా పరీక్షలు. పెట్టెలతో మా ఇంటికి వచ్చిన రాత్రి ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే: "అమ్మకి చెప్పకు అత్తా, లోన్ గురించే నిద్రపోవడం లేదు." జనవరిలో షేరింగ్ రూము దొరికింది, 425 డాలర్లు, లీజులో పేరుతో. తేడా నెలకి 125, ఏడాదికి 1,500. ఆ డబ్బుకి ఏమొస్తుందో తల్లిదండ్రులకి లెక్క చెప్పగలగాలి.

పేరుంటే వచ్చేవి

టెక్సస్ చట్టం కిరాయిదారుకి కొన్ని హక్కులు ఇచ్చింది. ఖాళీ చేసి, కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇచ్చాక 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, లేదా దేనికి ఎంత తగ్గించారో జాబితా పంపాలి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకి డబ్బు పట్టుకోకూడదు. దురుద్దేశంతో ఆపుకున్నారని కోర్టులో తేలితే 100 డాలర్లతో పాటు, అన్యాయంగా ఆపిన మొత్తానికి మూడింతలు కట్టాలి. అందుకే చేరిన రోజే కార్పెట్ మరకలు, పగుళ్లు, స్టవ్, ఫ్రిజ్ అన్నీ ఫోటోలు తీసి ఈమెయిల్‌లో ఆఫీసుకి పంపించమని చెప్తాను.

ఆడపిల్లల తల్లులకి నేను మొదట చెప్పేది తాళాల సంగతి. బయటి తలుపుకి లోపలినుంచి మాత్రమే వేసుకునే బోల్టు, ఎవరొచ్చారో చూసుకునే పీప్ హోల్ ఓనరే తన ఖర్చుతో పెట్టించాలి. కొత్తవాళ్లు చేరిన 7 రోజుల్లోగా తాళం మార్పించాలి. పాత కిరాయిదారు దగ్గర తాళంచెవి మిగిలిపోయిందేమో అన్న భయం ఉండదు.

కాగితం ఇంకో పనికీ వస్తుంది. టెక్సస్‌లో స్టేట్ ఐడీకి, డ్రైవింగ్ లైసెన్సుకి అడ్రసు రుజువుల్లో ఒకటిగా లీజు చూపించవచ్చు. ఎఫ్-1 పిల్లలు ఇల్లు మారితే 10 రోజుల్లోగా యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి కొత్త అడ్రసు తెలపాలన్న నియమం కూడా మర్చిపోకూడదు.

పేరుంటే మీద పడేవి

నలుగురు కలిసి సంతకం చేసే లీజుల్లో సాధారణంగా అందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులని రాసి ఉంటుంది. అద్దె 1,800 అనుకుందాం, తలకి 450. ఒకరికి వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వచ్చి వెళ్లిపోయారు, డబ్బు ఆపేశారు. ఆఫీసు 1,350 తీసుకుని ఊరుకోదు, మిగతా ముగ్గురినీ 1,800 అడుగుతుంది. కట్టకపోతే ఎవిక్షన్ కేసు నలుగురి పేరు మీదా పడవచ్చు. రేపు ఉద్యోగం వచ్చి మంచి ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆ రికార్డు అడ్డొస్తుంది.

ఓనరు ఒప్పుకోకుండా ఇంకొకరికి అద్దెకి ఇవ్వడం టెక్సస్ చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఎవరైనా మధ్యలో వెళ్తే లీజు మార్పిడి ఆఫీసు ద్వారానే జరగాలి. పాత పేరు తీసేసి కొత్త పేరు చేర్చిన కాగితం చేతికొచ్చేదాకా వెళ్లినవాళ్ల బాధ్యత తీరదు. రూమ్మేట్స్ కూడా ఎవరి వాటా ఎంత, వెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అని ఒక పేజీ రాసుకుని సంతకాలు పెట్టుకుంటే స్నేహాలు మిగులుతాయి.

మనకి కూడా ఒక మాట. "అన్నయ్యగారిని గ్యారంటీ సంతకం పెట్టమను వదినా" అని అడుగుతారు. మొహమాటానికి పెట్టించకండి. ఆ సంతకం చాలాసార్లు మన పిల్ల వాటాకే కాదు, యూనిట్ మొత్తం అద్దెకి వర్తిస్తుంది. ఒక్క వాటాకి పరిమితం చేస్తారేమో అడిగి, కాగితం మీద రాయించుకున్నాకే ఆలోచించండి.

వెళ్లి చూసేటప్పుడు

ఫోటోలు చూసి ఇండియా నుంచి డబ్బు పంపొద్దని చెప్పండి. కాంప్లెక్సు నంబరు మీరే వెతికి ఫోన్ చేసి, ఆ యూనిట్ నిజంగా ఖాళీగా ఉందా అని అడగండి. డబ్బు ఆఫీసుకే కట్టించండి.

నేను సాయంత్రం పూట వెళ్తాను. పార్కింగ్‌లో దీపాలు వెలుగుతున్నాయా, లాండ్రీ ఎక్కడుంది, బస్‌స్టాప్ నుంచి ఇంటికి ఎంత నడవాలి అని చూస్తాను. ఇక్కడి ఆగస్టులో 100 డిగ్రీల ఎండ మామూలే, మ్యాప్‌లో 15 నిమిషాల నడక అప్పుడు చిన్నదేం కాదు. ఆర్లింగ్టన్‌లో అయితే రూటు ప్రకారం తిరిగే సిటీ బస్సుల మీద ఆధారపడలేం, యాప్‌లో పిలిచే వ్యాన్లు ఉన్నాయి. దూరం చూసేటప్పుడు అదీ లెక్కలోకి తీసుకోవాలి.

కరెంటు సంగతి కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. రిచర్డ్‌సన్‌లో కంపెనీని మనమే ఎంచుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం నడిపే పవర్ టు ఛూజ్ సైటులో ప్లాన్లు పోల్చుకోవచ్చు. డెంటన్‌లో సిటీదే కరెంటు. క్రెడిట్ లేనివాళ్లని డిపాజిట్ అడగవచ్చు. పాత కిరాయిదార్లు దొరికితే వాళ్ల ఆగస్టు బిల్లు చూపించమనండి. ఏసీ ఖర్చు కలిపితేనే అసలు అద్దె తెలుస్తుంది. నీళ్లు, చెత్త, పురుగుల మందు విడిగా వేస్తారా అని కూడా అడగండి.

ఆగస్టులో తొందరపడి దొరికిందానికల్లా సంతకం పెట్టే బదులు, మొదటి వారం పది రోజులు మన ఇంట్లోనో తెలిసినవాళ్ల ఇంట్లోనో ఉండి, కళ్లతో చూసి లీజు తీసుకోవడం మేలు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకి న్యాయ సలహా ఇచ్చే ఆఫీసు ఉంటుంది, సంతకానికి ముందే లీజు తీసుకెళ్లి చూపించవచ్చు.

నెలకి వంద డాలర్లు తగ్గుతుందంటే అక్కడ కూర్చున్న అమ్మానాన్నలకి అది వేల రూపాయల మాట. వాళ్లు దాన్నే చూడటంలో తప్పేం లేదు. ఆ వందకి బదులుగా పిల్ల ఏం వదులుకుంటోందో మాత్రం ఇక్కడున్న మనం ఫోన్లోనే చెప్పాలి, వాళ్లు టికెట్ కొనకముందే.