వెన్నులో నీరు తీసే పరీక్ష: భయం వద్దు, ఆలస్యం అసలే వద్దు

పటాన్‌చెరు, సంగారెడ్డి పరిశ్రమల కార్మికులకు, వారి కుటుంబాలకు

జ్వరంతో పాటు విపరీతమైన తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, ఫిట్స్, మాట తడబడటం ఉన్నాయా? షిఫ్ట్ అయ్యాక చూద్దామని ఆగకండి. 108కి ఫోన్ చేయండి. అది మెదడువాపు కావచ్చు.

సూది వేస్తే కాళ్లు పడిపోతాయా?
ఆ మాట నమ్మొద్దు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది వేసేది దానికి కింద. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉండొచ్చు, అంతే.

ల్యాబ్‌లో ఏం చూస్తారు?
• కణాలు, ప్రోటీన్, గ్లూకోజ్: గ్లూకోజ్ బాగా తగ్గితే బ్యాక్టీరియా లేదా టీబీ అని అనుమానిస్తారు.
• కల్చర్: ఏ క్రిమి, దానికి ఏ మందు పనిచేస్తుందో చెబుతుంది. 2, 3 రోజులు పడుతుంది.
• సీబీనాట్: టీబీ క్రిమిని మెషిన్ సుమారు 2 గంటల్లో పట్టేస్తుంది.
• ఐజీఎం ఎలైజా: జపనీస్ మెదడువాపు కోసం.

రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆగదు. అవసరమైతే మందులు ముందే మొదలుపెడతారు.

ఖర్చు ఎవరిది?
• నెల జీతం రూ.21,000 లోపు ఉండి ఈఎస్‌ఐలో నమోదైతే మీకూ, మీ కుటుంబానికీ ఈఎస్‌ఐ వైద్యం. కాంట్రాక్టు కార్మికులకూ ఈ హక్కు ఉంది.
• అర్హులైన కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలు.
• టీబీ పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

సంతకం పెట్టమంటే సందేహాలన్నీ డాక్టర్‌ను అడగండి. భయంతో మాత్రం పరీక్ష వద్దనకండి.